ప్లాటా నదీతీరమున విశ్వకవి

వాల్మీకిపురమునకు చేరువనున్న మదనపల్లెలో 1919వ సంవత్సరమున కొన్ని దినములుండి, అచ్చటనే ‘జనగణమన’ను ఆంగ్లీకరించిన రవీంద్రనాథ ఠాకూరు, 1924లో దక్షిణ అమెరికాకు ఓడయెక్కెను. పెరూ దేశము ఆయనను స్వాతంత్ర్య శతాబ్ది యుత్సవములకు ఆహ్వానించియుండెను. అప్పటికాయనకు 63 ఏండ్లు.

నవంబరులో అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఏరీస్ చేరునప్పటికి ఆయనకు జ్వరము. ఆండీసు పర్వతములు దాటరాదని వైద్యులు శాసించిరి. ఊరు క్రొత్త. తోడు కార్యదర్శి యొక్కడే. అప్పుడు ఫ్రెంచి ‘గీతాంజలి’ చదివి కన్నీరు గార్చిన విక్టోరియా ఒకాంపో అను విదుషి హోటలుకు వచ్చి, నగరపు శివారున సాన్ ఇసిద్రోలో ఒక మేడను కుదిర్చెను. వారము దినముల మకామనుకొన్నది రెండు నెలలయ్యెను. అద్దెకై ఆమె తన వజ్రపు శిరోభూషణము నమ్మెనని చెప్పుదురు.

కవి నగరము చూచినది తక్కువ. నదిని చూచినదే యెక్కువ. ఆవలిగట్టు కానరాని ఆ ప్లాటాను, గోదావరిని ఎరిగినవారు సైతము సముద్రమనియే భ్రమపడుదురు. అచ్చట వ్రాసిన గీతములు 1925లో ‘పూరబి’యందు వెలువడెను. ఒకాంపోకు ‘విజయ’ యని పేరిడి, ఆ గ్రంథమును ఆమెకే అంకితమొసగెను.

తిరుగు ప్రయాణమున, ఆయన కూర్చుండుచుండిన కుర్చీని ఆమె ఓడకు పంపెను. గది ద్వారము ఇరుకు. పట్టుబట్టి తలుపే యూడదీయించెను! ఆ కుర్చీ శాంతినికేతనము చేరినది. 1941లో, తాను కన్నుమూసిన యేటనే, కవి దానిపై ఒక గీతము వ్రాసెను.