ఉప్పెన తరువాతి ఇల్లు

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ సముద్రపు అంచు వరకు పరచుకున్న పల్లపు నేలే దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం నాడు తీరం దాటిన తుఫాను ఆ సీమకు పెనుగాలిని మాత్రమే కాక, సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెనను కూడా తెచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లలో తెల్లవారేసరికి ఏ ఇల్లు ఎక్కడ ఉండేదో గుర్తుపట్టడమే కష్టమైంది. అధికారిక లెక్కల ప్రకారం మృతులు పదివేలకు చేరువ. అంతకంటే చాలా ఎక్కువేనని స్థానికులు నేటికీ అంటారు. ప్రాణాలు పోయినవారిలో అధికులు తాటాకు గుడిసెలలో కాపురముంటూ కూలికీ, వేటకూ వెళ్లే కుటుంబాలవారు.

తరువాతి రోజులలో దివిసీమకు చేరినవారి జాబితా చిత్రమైనది. సైన్యం, ప్రభుత్వ సిబ్బంది, రామకృష్ణ మిషన్ సాధువులు, విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలు, మదర్ థెరిసా, పలు చర్చిల సేవాదళాలు. దేశవిభజన నాటి శరణార్థుల కోసం 1947లో ప్రొటెస్టెంటు చర్చిలు ప్రారంభించిన సహాయక కృషి నుంచి పుట్టిన ‘కాసా’ సంస్థ ఈ సేవాదళాలలో ముఖ్యమైనది. దేవుడు ఉన్నాడనేవారు, లేడనేవారు ఒకే బురదలో పార పట్టిన సందర్భమది. మొదటి పని ఇళ్లు కట్టడం కాదు. శవాలను పూడ్చాలి, పశువుల కళేబరాలను తొలగించాలి, ఉప్పు నిండిన బావులను తోడించాలి. ఇంటి మాట ఆ తరువాతే వచ్చింది. అసలు పాఠమూ అక్కడే మొదలవుతుంది.

ఎటువంటి ఇల్లు కట్టాలి? తీరాంధ్రలో ఈ ప్రశ్నకు పూర్వులు ఒక సమాధానం చెప్పి ఉంచారు. అది చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, నేలకు దగ్గరగా దిగివచ్చే శంకువు ఆకారపు తాటాకు కప్పు. గాలికి ఎదురు నిలిచే మూల గాని, తల గోడ గాని అందులో ఉండదు. అది ఎటునుంచి వీచినా పక్కకు జారిపోతుంది. తుఫాను గాలి కప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది కప్పును పైకి లాగుతుంది. అందువల్లనే రెండు వాలుల కప్పుకంటె నాలుగు వైపులా వాలిన కప్పు మేలు. వాసాన్ని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని పునాదికి విడిపోకుండా బిగించాలి. ఈ గొలుసులో ఏ ఒక్క ముడి వదులుగా ఉన్నా తక్కిన వాటి బలం వృథాయే. అయితే చుట్టింటికి ఒక లోపముంది. గాలిని తప్పించుకోగల మట్టిగోడ నీటిలో నానితే కరిగిపోతుంది. ఉప్పెన ముందు అది నిలువదు.

కనుక దివిసీమలోను, ఆ చుట్టుపక్కల తీరంలోను ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కాంక్రీటు కప్పు గల చిన్న ఇళ్లకు మొగ్గు చూపాయి. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేము. కాని కాంక్రీటు అనగానే శాశ్వతమని నమ్మడం పొరపాటు. తీరగ్రామంలో మంచినీరు తాగడానికే చాలదు. మేస్త్రీ దగ్గరలో దొరికిన ఉప్పునీటితోనే సిమెంటు కలిపితే లోపలి ఇనుప ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి. కొన్నేళ్లకు కప్పు పెచ్చులూడడం మొదలవుతుంది. ఇల్లు కట్టినవారు అప్పటికి ఊరు విడిచి ఎంతకాలమై ఉంటుందో! తాటాకు కప్పును ఇంటివారే ఏటేటా నేసుకోగలరు. పగిలిన కాంక్రీటు కప్పును బాగుచేయించుకోవడానికి వారివద్ద సొమ్ము ఉండదు. కాబట్టి సేవకులు వెళ్లేలోగా ఆ ఊరి యువకులు ఇద్దరు ముగ్గురికైనా పని నేర్పడం గోడ కట్టినంత అవసరం.

ఇళ్లతోపాటు తీరం వెంబడి ఎత్తైన స్తంభాలపై తుఫాను రక్షణ కేంద్రాలు వెలిశాయి. వీటి నిర్మాణంలో కాసా వంటి చర్చి సంస్థలకు, రెడ్ క్రాస్‌కు పాత్ర ఉంది. మామూలు రోజులలో అవి బడులుగా, సమావేశ మందిరాలుగా ఉపయోగపడతాయి. రోజూ వాడే భవనానికే తలుపులు సరిగా పడతాయి, తాళంచెవి ఎవరివద్ద ఉందో ఊరికి తెలుస్తుంది. 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని మరొక తీవ్రమైన తుఫాను తాకింది. ఈసారి హెచ్చరిక ముందే అందింది, లక్షల మందిని తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉండిపోయింది. అదీ చిన్న సంఖ్య కాదు. అయినా 1977తో పోల్చి చూస్తే, రేడియో వార్త, బస్సు, స్తంభాలపై నిలిచిన ఒక గది కలిసి ఎన్ని ప్రాణాలను కాచాయో అర్థమవుతుంది.

ఇక పట్టా సంగతి. కొట్టుకుపోయిన గుడిసె పోరంబోకు భూమిలో ఉంటే, దాని స్థానంలో కట్టే ఇల్లు ఎవరిది? ఎంత మంచి మనసుతో వచ్చిన సేవకుడైనా ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాకే పునాది తవ్వాలి. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడు ప్రభుత్వం ఇళ్లు కట్టదలచిన సంస్థలతో ఒప్పందాలు రాసుకుంది. చర్చి సంస్థలూ ఆ విధంగానే పనిచేశాయి. కొత్త ఇంటి హక్కు భార్యాభర్తలిద్దరి పేర ఉండాలన్నది అందులో ఒక నియమం. గోడల మందం గురించిన షరతులకంటె ఈ ఒక్క నియమం ఎక్కువ మంది స్త్రీలకు నీడ ఇచ్చిందనడం అతిశయోక్తి కాదు.

అదే సునామీ మరొక దృశ్యాన్నీ మిగిల్చింది. నాగపట్టణం దారుల పక్కన పాతబట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి. నగరాలు లారీలకెత్తి పంపిన ఆ దుస్తులను తీరవాసులు ముట్టలేదు. వారు కష్టజీవులే గాని యాచకులు కారు. ఏమి కావాలని ముందుగా అడిగి ఉంటే ఆ లారీలు వలలో, వంటపాత్రలో మోసుకెళ్లేవి.

చర్చి సేవకుల విషయంలో తరచు వినిపించే సందేహం ఒకటుంది. సాయం వెనుక మతప్రచారం ఉంటుందా? దీనిని దాటవేయడం సేవకులకూ మేలు చేయదు. సహాయం మతభేదం లేకుండా అవసరాన్ని బట్టి అందాలని, దానిని ఏ మత, రాజకీయ అభిప్రాయ వ్యాప్తికీ వాడరాదని 1994లో రెడ్ క్రాస్, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఒక ప్రవర్తనా నియమావళిని ప్రకటించాయి. దానిని రూపొందించిన వారిలో చర్చిల ప్రపంచ మండలి, లూథరన్ ప్రపంచ సమాఖ్య, కారితాస్ ఉన్నాయి. ఏ చర్చి బృందమైనా ఇళ్లు కట్టడానికి వస్తే, ఆ నియమాన్ని గుర్తుచేసి లబ్ధిదారుల జాబితాను ఊరి మధ్యలో అంటించమని కోరవచ్చు. ఇది అవమానం కాదు, బాగా పనిచేసేవారు తామే ముందుగా చేసే పని.

నగరాలలో స్థిరపడిన తెలుగువారికి ఈ కథ దూరమైనది కాదు. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన తాపీ మేస్త్రీలు, కడ్డీ పనివారు, సెంట్రింగు కూలీలు ఎన్నో నగరాలను కట్టారు. విపత్తు తరువాత చర్చి బృందాలకు గాని, ఆలయ సంఘాలకు గాని కొరతగా ఉండేది సరిగ్గా ఈ చేతులే. పది రోజులు సెలవు పెట్టి వెళ్లే ఉత్సాహవంతులైన విద్యార్థులు ఇటుకలు మోయగలరు. దూలం కట్టు సరిగా పడిందా అన్నది చూపుతో చెప్పగలిగేది మేస్త్రీ ఒక్కడే. తెలుగూ స్థానిక భాషా రెండూ వచ్చినవారు దరఖాస్తులు నింపే బల్ల దగ్గర కూర్చున్నా చాలు.

ఒడిశాలోని గంజాం తీరంలో తెలుగు మాట్లాడే జాలరి పల్లెలు ఉన్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం సమీపంలో తీరం దాటింది. ముందుగానే దాదాపు పది లక్షల మందిని తరలించినందున ప్రాణనష్టం స్వల్పంగానే జరిగింది. ఇళ్లు మాత్రం పోయాయి. ఆ తరువాత అక్కడ చేపట్టిన పునర్నిర్మాణంలో సొమ్మును గుత్తేదారుకు ఇవ్వలేదు. పునాది, గోడలు, కప్పు అని దశలవారీగా ఇంటివారి ఖాతాలోనే వేశారు. సిమెంటు ఏ నీటితో కలుపుతున్నారో చూసుకునే బాధ్యత ఇంటి యజమానురాలి మీదే పడింది.