ఇంట్లో ఎస్కేప్ రూమ్: సమాచారం పంచుకుంటేనే తెరుచుకునే తాళం

వైకుంఠపాళి, అష్టాచెమ్మా, క్యారమ్స్, చదరంగం... మనకు బాగా తెలిసిన ఈ ఆటలన్నింటిలో ఒకరు గెలవాలంటే మరొకరు ఓడాలి. సహకార ఆటలు ఇందుకు భిన్నం. వీటిలో ఆటగాళ్లంతా ఒకే జట్టు. వారి ప్రత్యర్థి మనిషి కాదు, ఆటలోని చిక్కుముడి. గెలిచినా, ఓడినా అందరూ కలిసే. ఇంట్లో ఆడుకునే ఎస్కేప్ రూమ్ బోర్డు ఆటలు ఈ కోవకు చెందినవే. మనుషులు కలిసి ఎలా ఆలోచిస్తారు, ఎక్కడ తప్పటడుగు వేస్తారు అన్నది తెలుసుకోవడానికి ఇవి చక్కటి ప్రయోగశాలలు.

గది నుంచి పెట్టెలోకి

జపాన్‌లోని క్యోటోలో 2007లో తకావో కాటో మొదలుపెట్టిన ఆటతో ఎస్కేప్ రూమ్‌లు ప్రాచుర్యంలోకి వచ్చాయి. కొందరు ఒక గదిలోకి వెళ్లి, అక్కడి ఆధారాలను వెతికి, సాధారణంగా గంటలోపు బయటపడాలి. తర్వాత ఇదే ఆలోచన కాగితాలు, కార్డుల రూపంలో ఇళ్లలోకి వచ్చింది. ఇంకా, మార్కస్ బ్రాండ్ దంపతులు రూపొందించిన జర్మనీ ఆట 'ఎగ్జిట్'కు 2017లో అక్కడి ప్రతిష్ఠాత్మక 'కెన్నర్‌స్పీల్' పురస్కారం దక్కింది. 'అన్‌లాక్' అనే మరో ఆటలో ఫోన్ యాప్ సమయాన్ని లెక్కిస్తుంది. తప్పు కోడ్ కొడితే కొంత సమయం కోత పడుతుంది.

ఊహలతో ఎందుకు కుదరదు?

మూడంకెల తాళానికి 000 నుంచి 999 వరకు 1000 కోడ్‌లు సాధ్యం. ఒక్కో కోడ్‌కు 5 సెకన్లు పట్టినా అన్నీ ప్రయత్నించడానికి 5000 సెకన్లు, అంటే 83 నిమిషాలు దాటుతుంది. గంట ఆటలో అది కుదరదు. తెలివిగా అడిగితే దారి దగ్గరవుతుంది. 'కోడ్ 500 కంటే తక్కువా?' వంటి ప్రశ్నకు అవును, కాదు అనే జవాబు వస్తే సగం అవకాశాలు తొలగిపోతాయి. ఇలా పదిసార్లు సగం చేస్తే ఒక్క కోడే మిగులుతుంది. ఎందుకంటే 2ను పదిసార్లు గుణిస్తే 1024. సమాచార సిద్ధాంతంలో ఇలాంటి ఒక్కో జవాబును ఒక 'బిట్' అంటారు. ఆటలోని ప్రతి ఆధారం చేసేదీ ఇదే, అవకాశాలను తగ్గించడం.

టికియాపారా తాళం

ఖరగ్‌పూర్ మీదుగా హౌరా వెళ్లే రైళ్లు గమ్యానికి కాస్త ముందు టికియాపారా స్టేషన్ దాటుతాయి. ఆ దారిలోని మూడు స్టేషన్లతో ముగ్గురు ఆడే చిన్న ఆటను ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. అందరికీ తెలిసే విషయం ఇది: టికియాపారా, దాస్‌నగర్, రామరాజతల స్టేషన్లకు 2, 5, 8 అంకెల్లో తలా ఒకటి ఉంది. ఆ మూడు అంకెలే కోడ్. తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో చీటీ ఇవ్వాలి.

మొదటి చీటీ: హౌరా నుంచి బయలుదేరిన రైలు టికియాపారా, దాస్‌నగర్, రామరాజతల వరుసలో దాటుతుంది. కోడ్ కూడా అదే వరుసలో ఉంది.

రెండో చీటీ: టికియాపారా అంకె దాస్‌నగర్ అంకె కంటే పెద్దది.

మూడో చీటీ: రామరాజతల అంకె సరిసంఖ్య కాదు.

అందరికీ తెలిసిన విషయంతోనే 1000 అవకాశాలు 6కు తగ్గుతాయి. మూడో చీటీతో రామరాజతలకు 5 ఖాయమవుతుంది. రెండో చీటీతో టికియాపారాకు 8, దాస్‌నగర్‌కు 2 వస్తాయి. మొదటి చీటీ వాటిని వరుసలో పెడుతుంది. కోడ్ 825. మొదటి చీటీ బయటికి రాకపోతే 6 అవకాశాలు, రెండోది రాకపోతే 2, మూడోది రాకపోతే 3 మిగిలిపోతాయి. ఏ ఒక్కరు మౌనంగా ఉన్నా తాళం తెరుచుకోదు.

తెలిసిందే మళ్లీ మాట్లాడుకోవడం

చీటీలు మూడే అయితే పంచుకోవడం తేలిక. ఆధారాలు పెరిగినకొద్దీ కష్టమవుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు గారల్డ్ స్టాసర్, విలియం టైటస్ 1985లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు ఉదాహరణ. విద్యార్థి సంఘం అధ్యక్ష పదవికి ముగ్గురు అభ్యర్థులలో తగినవారిని నలుగురేసి విద్యార్థుల బృందాలు ఎంచుకోవాలి. సమాచారమంతా అందరికీ ఇచ్చినప్పుడు ఎక్కువ బృందాలు ఉత్తమ అభ్యర్థినే ఎంచుకున్నాయి. అదే సమాచారాన్ని సభ్యుల మధ్య విడదీసి ఇచ్చినప్పుడు చాలా బృందాలు తప్పు నిర్ణయం తీసుకున్నాయి. అందరికీ ముందే తెలిసిన సంగతుల చుట్టూనే చర్చ తిరగడం, ఒక్కరికే తెలిసినది మరుగున ఉండిపోవడం దీనికి ముఖ్య కారణం.

ఇది ఆటతో ముగిసే విషయం కాదు. ఇంట్లో పెద్దాయనకు ఒంట్లో బాగాలేదనుకుందాం. ఆయన మందు మానేసిన సంగతి మనవడికి, రాత్రి నిద్రపోని సంగతి భార్యకు మాత్రమే తెలిసి ఉండవచ్చు. రెండూ వైద్యుడి దాకా చేరకపోతే సరైన నిర్ణయం కష్టం.

ఒక్కరి పెత్తనం

సహకార ఆటల్లో ఎదురయ్యే మరో ఇబ్బంది, ఒకరే అందరి తరఫునా ఆడేయడం. ఆట రూపకర్తలు దీనికి విరుగుళ్లు కనిపెట్టారు. 2013లో జర్మనీ 'స్పీల్ దెస్ యారెస్' పురస్కారం పొందిన 'హనాబి'లో ఆటగాడు తన కార్డులను తాను చూడకూడదు, ఇతరులవే చూడాలి. కాబట్టి పక్కవారి సాయం లేకుండా ఎవరూ ముందుకు వెళ్లలేరు.

ఇంట్లో ఆడేటప్పుడు

- చీటీ ఎవరిది వారి దగ్గరే ఉండాలి. చూపించకూడదు, చదివి చెప్పాలి.
- కోడ్ ఊహించే ముందు ప్రతి ఒక్కరూ ఒకసారి మాట్లాడాలి. చిన్నవారితో మొదలుపెడితే మేలు.
- తేలిన విషయాలను అందరికీ కనిపించేలా కాగితంపై రాయాలి.
- తప్పు కోడ్‌కు రెండు నిమిషాల కోత పెట్టాలి. అప్పుడు ఊహలు తగ్గి ఆలోచన పెరుగుతుంది.
- తాళం పెట్టెకే వేయాలి, గది తలుపుకు ఎప్పుడూ వేయకూడదు. పోలండ్‌లోని కోషాలిన్‌లో 2019 జనవరి 4న ఒక ఎస్కేప్ రూమ్‌లో మంటలు చెలరేగి, బయటికి రాలేక ఐదుగురు బాలికలు ప్రాణాలు కోల్పోయారు.

ఆట అయిపోయాక పిల్లలను ఒక ప్రశ్న అడగవచ్చు: ఏ ఆధారం ఆలస్యంగా బయటికి వచ్చింది, ఎందుకు? ఆ జవాబులోనే మరుసటి ఆటకు, ఇంట్లో మరుసటి నిర్ణయానికి పనికొచ్చే పాఠం దొరుకుతుంది.