జైపూర్ కాలు ఎలా తయారవుతుంది?

1960లలో జైపూర్‌లోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో కృత్రిమ కాలు పెట్టించుకుని వెళ్లినవాళ్లు కొన్నాళ్లకు మళ్లీ చంకకర్రలతో కనిపించేవారు. ఎందుకిలా అని ఎముకల డాక్టరు ప్రమోద్ కరణ్ సేఠీ ఆరా తీశారు. పాశ్చాత్య నమూనాలో చేసిన ఆ కాలు బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునే మనిషి కోసం పుట్టింది. మన రైతేమో ఉత్తికాళ్లతో బురదలో దిగాలి, బాసింపట్టు వేసుకుని అన్నం తినాలి, గొంతుక్కూర్చోవాలి. తప్పు రోగిది కాదు, కాలిదే అని తేలింది. బడిచదువు అంతంతమాత్రమే అయినా చేతిపనిలో ఆరితేరిన రామచంద్ర శర్మతో కలిసి సేఠీ 1968లో కొత్త పాదానికి రూపమిచ్చారు. దానికి పేటెంట్ తీసుకోలేదు. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఆ కాళ్లను ఉచితంగా అమరుస్తోంది. మోకాలి కింద కాలు పోయినవారికి దాన్ని ఎలా చేస్తారో వరసగా చూద్దాం.

1. పాదం

పాదం లోపల మూడు దిమ్మలుంటాయి. మడమకు, పాదం ముందు భాగానికి స్పాంజి రబ్బరు. చీలమండ దగ్గర తేలికపాటి చెక్క. వీటిని కలిపి, టైర్లలో వాడే నూలుపోగుల పొరలు చుట్టి, పైన ఒంటి రంగు రబ్బరు కప్పుతారు. మొత్తాన్ని పాదం ఆకారపు లోహపు అచ్చులో బిగించి వేడిచేస్తే రబ్బరు వల్కనైజ్ అయి ఒకే ముద్దగా గట్టిపడుతుంది. లోపలి స్పాంజి వల్ల పాదం పైకీ పక్కలకీ వంగుతుంది కాబట్టి ఎగుడుదిగుడు నేల మీద నిలుస్తుంది. నీళ్లు చొరబడవు, బూటు అక్కర్లేదు, వేళ్లు కూడా కనిపిస్తాయి.

2. స్టంప్‌ను సిద్ధం చేయడం

కాలు తీసేశాక మిగిలిన భాగాన్ని స్టంప్ అంటారు. గాయం పూర్తిగా మానాలి, వాపు తగ్గాలి. అందుకే రోజూ క్రేప్ బ్యాండేజీ చుడతారు. కింది నుంచి పైకి పోయేకొద్దీ బిగువు తగ్గించాలి. మోకాలి కింద దిండు పెట్టుకోవడం హాయిగానే ఉంటుంది కానీ, కీలు వంగినట్టే బిగుసుకుపోతే తర్వాత ఏ కాలూ సరిగా అమరదు.

3. అచ్చు తీయడం

స్టంప్‌కు పలుచని మేజోడు తొడిగి, మోకాలిచిప్ప, ఎముక బుడిపెలు ఉన్నచోట చెరగని పెన్సిలుతో గుర్తులు పెడతారు. పైన తడిపిన ప్లాస్టర్ పట్టీ చుడతారు. అది గట్టిపడ్డాక తీస్తే గుర్తులు ప్లాస్టర్ లోపలికి దిగి ఉంటాయి. ఆ డొల్లలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ద్రావణం పోస్తే స్టంప్‌కు నకలు తయారవుతుంది.

4. అచ్చును చెక్కడం

అసలు నేర్పు ఇక్కడ. ఈ నకలు మీదే సాకెట్, అంటే స్టంప్ దూరే తొడుగు, తయారవుతుంది. నకలును ఉన్నదున్నట్టు వాడితే నొప్పి ఖాయం. ఒంటి బరువును తట్టుకునే చోట్లు కొన్ని, తట్టుకోలేనివి కొన్ని. మోకాలిచిప్ప కింద ఉండే గట్టి స్నాయువు బరువు మోయగలదు. అక్కడ ప్లాస్టర్ కాస్త గీకేస్తే సాకెట్ ఆ చోట గట్టిగా ఆనుతుంది. ముంగాలి ఎముక అంచు, దాని కొస, మోకాలి బయటిపక్క బుడిపె ఒత్తిడికి ఓర్వలేవు. అక్కడ ప్లాస్టర్ కలిపి ఎత్తు పెంచితే సాకెట్‌లో ఖాళీ ఏర్పడుతుంది. జైపూర్ కాలికి పేరు పాదం వల్లే వచ్చినా, మనిషి దాన్ని తొడుక్కుంటాడా మూలన పడేస్తాడా అన్నది తేల్చేది సాకెట్టే.

5. గొట్టం సాకెట్ కావడం

తొలినాళ్లలో అల్యూమినియం రేకును కొట్టి పిక్కభాగం చేసేవారు. తర్వాత నీళ్ల పైపులకు వాడే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ వచ్చింది. గొట్టం ముక్కను ఓవెన్‌లో మెత్తబడేదాకా వేడిచేసి, చెక్కిన అచ్చు మీదకు లాగి అదుముతారు. చల్లారాక ప్లాస్టర్ పగలగొట్టి తీసేసి, అంచులు కోసి నునుపు చేస్తారు. గొట్టం కింది కొసలోకి చీలమండ చెక్కను దించి మరలతో బిగిస్తారు. కొలత నుంచి బిగింపు దాకా ఒక్కరోజులో అయిపోవచ్చు.

6. నిలబెట్టి సరిచూడటం

మనిషిని నిలబెట్టి రెండు తుంటి ఎముకలూ ఒకే ఎత్తులో ఉన్నాయా అని చేతులు ఆనించి చూస్తారు. పాదం ముందుకు జరిగితే మోకాలు వెనక్కి నెట్టినట్టవుతుంది. వెనక్కి పోతే ముడుచుకుపోతుంది. నాలుగడుగులు వేయించి, కాలు విప్పి చర్మం చూస్తారు. ఎర్రదనం కాసేపట్లో పోకపోతే సాకెట్‌ను మళ్లీ సరిచేయాల్సిందే.

7. నడక నేర్వడం

మొదట సమాంతర కడ్డీల మధ్య, తర్వాత కర్రతో, ఆపై మెట్లు, వాలు నేల. 1981లో ప్రమాదం వల్ల కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ జైపూర్ పాదంతో మళ్లీ నాట్యం చేశారు. ఆ కథతో సింగీతం శ్రీనివాసరావు తీసిన తెలుగు చిత్రమే ‘మయూరి’. ఆమె వేదిక ఎక్కింది కాలు తొడిగిన మర్నాడు కాదు, సాధన తర్వాతే.

మోకాలి పైదాకా పోయినవారికి కీలు కూడా కావాలి. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి సమితి రూపొందించిన చవక మోకాలిని టైమ్ పత్రిక 2009 ఉత్తమ ఆవిష్కరణల్లో చేర్చింది.

మీ ఇంట్లోనో వీధిలోనో కాలు పోయినవారుంటే ఒక్క మాట చెప్పండి. స్టంప్ కాలక్రమంలో సన్నబడుతుంది, నిరుడు సరిపోయిన సాకెట్ ఈ ఏడు వదులవుతుంది. నొప్పి పుట్టిందని కాలిని అటకెక్కించవద్దు. దాన్ని పట్టుకుని కాళ్లు అమర్చే కేంద్రానికి వెళ్లి కొత్త కొలత ఇమ్మనండి.