గాడిలో పసిబిడ్డ
సందేహాలు – సమాధానాలు

మా సంఘంలో క్రిస్మస్ నాటికకి మా అబ్బాయికి సత్రం యజమాని వేషం ఇచ్చారు. "యేసయ్యకి చోటు లేదని తలుపేసినోడి వేషం నాకొద్దు" అని ఏడుస్తున్నాడు. ఆ మనిషి నిజంగా అంత కఠినుడా?
– ఒక తల్లి, బొబ్బిలి

అమ్మా, మీ అబ్బాయికి ఏడుపొచ్చిందంటే ఆ కథ వాడి మనసుకి తగిలింది. ముందు లూకా సువార్త రెండో అధ్యాయం వాడిచేతే చదివించండి. అందులో సత్రం యజమాని ఎక్కడా కనబడడు. తలుపు వేసిన సంగతీ లేదు. సత్రంలో స్థలం లేకపోయిందన్న ఒక్క మాట ఉంది, అంతే. మిగతాది నాటికలు రాసినవాళ్లు అల్లుకున్నది.

ఆ 'సత్రం' దగ్గర కాస్త ఆగుదాం. లూకా గ్రీకులో రాసిన మాట 'కటలూమ'. ప్రభువు శిష్యులతో పస్కా భోజనం చేసిన గదికి కూడా, 22వ అధ్యాయంలో, అదే మాట వాడాడు. అక్కడ మన తెలుగు బైబిల్లో 'విడిది గది' అని ఉంటుంది. డబ్బు పుచ్చుకుని బస ఇచ్చే చోటుకి లూకా వేరే మాట వాడతాడు. మంచి సమరయుని కథలో మనం దాన్ని పూటకూళ్లవాని ఇల్లుగా చదువుకుంటాం. అందుకే ఆ రాత్రి నిండిపోయింది చుట్టాలింటి విడిది గదేనని చాలామంది పండితులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. బేత్లెహేము దావీదు ఊరు, యోసేపు దావీదు వంశం వాడు. నెలలు నిండిన కోడల్ని అయినవాళ్లు వీధిలో వదిలేస్తారా?

ఆ కాలపు పల్లె ఇళ్లలో రాత్రిళ్లు పశువుల్ని ఇంట్లోనే ఒక పక్క కట్టేవారు. మనుషులు పడుకునే చోటు కాస్త మెరక, పశువులుండేది కాస్త పల్లం, ఆ అంచునే మేత వేసే గాడి. మా తాతగారింట్లో పశువుల సాల, వంటిల్లు ఒకే కప్పు కింద ఉండేవి. చలికాలం తెల్లవారుజామున గాడిలో చెయ్యి పెడితే, ఆవు ఊపిరికి గడ్డి వెచ్చగా, కొంచెం తడిగా తగిలేది. లూకా రెండో అధ్యాయం చదివినప్పుడల్లా నా చేతికి ఆ వెచ్చదనమే గుర్తొస్తుంది.

సంక్రాంతికి ఆడపడుచులంతా పిల్లల్తో దిగితే మనం ఏం చేస్తాం? గది నిండితే వసారా, వసారా నిండితే సాల పక్కన చాప. ఎవర్నీ పొమ్మనం, సర్దుకుంటాం. లోకాన్ని కలిగించినవాడు అలాంటి ఇరుకింట్లో మనుషుల మధ్య సర్దుకున్నాడు. మరియమ్మ ఆయన్ని పొత్తిగుడ్డల్లో చుట్టింది. మనింట్లో పురిటిబిడ్డకి ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె చింపి చుట్టడం లేదూ, అలాగ. దేవుడు ఒకరి చేత చుట్టించుకునేంత చిన్నవాడయ్యాడు. నా విశ్వాసమంతా ఆ మాట మీదే నిలబడి ఉంది.

నాటిక నేర్పేవాళ్లని ఒకమాట అడిగి చూడండి. ఈసారి మీవాడు ఆ ఇంటి పెద్దగా వేసి, ఆవుని పక్కకి జరిపి, గాడి ఖాళీ చేసి, కొత్త గడ్డి పరవనివ్వండి.

మా బంధువులు క్రిస్మస్ "తెల్లోళ్ల పండగ" అని వెక్కిరిస్తున్నారు. డిసెంబరు 25 అని బైబిల్లో లేదు కదా?
– ఒక యువకుడు, రాజాం

లేదు. ఆ తేదీన పండగ చేసినట్టు 336 నాటి రోమా నగరపు లెక్కల్లో కనబడుతుంది. ఆర్మీనియా సంఘం నేటికీ జనవరి 6నే చేస్తుంది. తేదీ గురించి ఎవరితోనూ వాదం పెట్టుకోకండి.

తెల్లోళ్ల పండగా? బేత్లెహేము ఉన్నది ఆసియాలో. ఇక తెలుగులో ఈ కథ అచ్చుకి తయారైంది మన తీరాన్నే. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ డెగ్రాంజెస్, ఆనందరాయరు అనే క్రైస్తవుడైన బ్రాహ్మణుడి సాయంతో సువార్తల్ని తెలుగు చేశాడు. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. యేసు పుట్టుక చెప్పే సువార్తలు మత్తయి, లూకా. ఆ రెండూ ఆ మొదటి అచ్చులోనే ఉన్నాయి. తర్వాత పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తిరగేస్తే ఆయన పేరు ఎన్నిచోట్ల ఉందో మీకే తెలుస్తుంది.

మా ఆయన శ్రావణంలో గుజరాత్‌లోని వేరావల్‌కి, చేపల బోటు మీద పనికి వెళ్లారు. పండక్కి రారు. చర్చిలో అందరూ సంతోషించండి అంటుంటే నాకు ఏడుపొస్తోంది. ఈసారి స్టార్ కట్టబుద్ధి కావడం లేదు. తప్పా?
– ఒక సోదరి, సంతబొమ్మాళి మండలం

తప్పు కాదమ్మా. మత్తయి రెండో అధ్యాయం తీయండి. జ్ఞానులు చూసి సంతోషించిన నక్షత్రం, బిడ్డల్ని పోగొట్టుకున్న బేత్లెహేము తల్లుల ఏడుపు, రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. సువార్త ఆ ఏడుపుని దాచలేదు. మీరూ దాచుకోనక్కర్లేదు.

ఈ కథంతా ఇల్లు వదిలినవాళ్లదే. చక్రవర్తి ఆజ్ఞకి పేరు రాయించుకోవడానికి ఒక ప్రయాణం, హేరోదు రాజుకి భయపడి ఐగుప్తుకి ఇంకో ప్రయాణం. మన తీరంలోనూ అలా ఇల్లు వదిలినవాళ్లున్నారు. 2018 నవంబరులో గుజరాత్ సముద్రంలో పాకిస్తాన్‌వాళ్లకి పట్టుబడ్డ మన 20 మంది మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ఆ రెండు డిసెంబర్లు వాళ్ల ఇళ్లు ఎలా గడిచాయో మీ తీరంలో ఎవర్ని అడిగినా చెబుతారు. అలాంటి ఇళ్ల కోసమే ఆ బిడ్డకి ఇమ్మానుయేలు అని పేరు. దేవుడు మనకు తోడు అని దాని అర్థం. మత్తయి ఆ తోడుతో మొదలుపెట్టి, చివరి వచనంలో మళ్లీ ఆ తోడుతోనే ముగిస్తాడు. తోడు అంటే ఏంటో ఒంటరిగా ఇల్లు ఈదే మీకు నేను చెప్పాలా?

క్యారల్స్‌కి తిరిగే పిల్లల్ని ఈసారి మీ ఇంటికి తప్పకుండా రమ్మనండి. స్టార్ ఒక్కరే కట్టలేకపోతే వాళ్లచేతే కట్టించండి. సముద్రపు గాలి ఎక్కువ కదా, రెండు తాళ్లు వేయించండి. బోటు ఒడ్డుకొచ్చి మీ ఆయన ఫోన్ చేసిన రోజు, పండగ అయిపోయినా సరే, లైటు వేసి ఆయనకి చూపించండి.