దివిసీమలో స్థలమా? ముందు నీళ్లు రుచి చూడండి

ప్రశ్న: రిటైరయ్యాక నాగాయలంక దగ్గర అరెకరం కొని, కూరగాయలు, కోళ్లు పెంచుకుంటూ బతకాలని మా దంపతుల కోరిక. తుపాను వచ్చినా పది రోజులు ఎవరి మీదా ఆధారపడకుండా నెగ్గుకు రాగలమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రాగలరు. కానీ అక్కడ మట్టికన్నా ముందు చూడాల్సింది నీళ్లు. సముద్రం పక్కనే కాబట్టి చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పు. కృష్ణా కాలువే దిక్కు. వేసవిలో కాలువ కట్టేస్తే చెరువులో నిలవ ఉన్నవే గతి. డిసెంబరులో పచ్చటి పొలం చూసి బయానా ఇచ్చేయకండి. మే నెలలో వెళ్లి, పక్క బోరు నీళ్లు గుక్కెడు నోట్లో పోసుకోండి.

తర్వాత ఇవి చూడండి:

• 1977 నవంబరు 19 ఉప్పెనలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో పెద్దలను అడగండి. ఇంటి అరుగు అంతకన్నా ఎత్తులో లేకపోతే పక్కా డాబా తప్పనిసరి.
• తుపాను షెల్టరుకు నడిచి వెళ్లి, ఎంతసేపు పట్టిందో చూసుకోండి.
• తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్ల లెక్కన ఇద్దరికి 100 లీటర్లు మూత ఉన్న డ్రమ్ములో ఉంచండి.
• బియ్యం, పప్పు, అటుకులు, మందులు, టార్చి అటక మీద పెట్టండి.
• మట్టి, నీటి పరీక్షకు రైతు సేవా కేంద్రంలో అడగండి.

సరుకులున్నాయి కదా అని మొండికేయొద్దు. ఖాళీ చేయమని అధికారులు చెప్పిన వెంటనే బయల్దేరండి. నీళ్లు చుట్టుముట్టినా, ఒంట్లో బాగోకపోయినా 112కు ఫోన్ చేయండి.