చిన్న మోటారు పడవ: నడుపుట, కాపాడుట



గోదావరి తీరమున పెరిగిన బాలురకు పడవ క్రొత్త వస్తువు కాదు. గడ వేయుటయు, తెడ్డు వేయుటయు, గాలి యనుకూలించినప్పుడు తెరచాప యెత్తుటయు మీలో పెక్కుమంది యెరుగుదురు. ముందరి కొన అణియమనియు, వెనుకటి భాగము అమరమనియు మీకు చెప్ప నక్కరలేదు. అయితే అమరమునకు చిన్న యంత్రము బిగించిన పడవను నడుపుటకు కండబలముకంటె క్రమబుద్ధి యెక్కువగా కావలయును. ఆ క్రమమును తెలుపుటయే ఈ పాఠముయొక్క యుద్దేశము.

పడవ వెలుపల తగిలించు నిట్టి యంత్రములను అంతకుముందు కొందరు నిర్మించి యుండినను, వానికి లోకమున వ్యాప్తి కలిగించినవాడు ఓలే ఎవిన్‌రూడ్. ఆయన 1877లో నార్వే దేశమున పుట్టి, బాల్యముననే అమెరికాకు వలసపోయి, 1909లో మిల్వాకీ నగరమున తన యంత్రములను అమ్మజొచ్చెను. ఒకానొక వేసవి దినమున ఆయన సరస్సుపై తెడ్లు వేసికొనుచు ఐస్‌క్రీము తెచ్చుచుండగా, అది దారిలోనే కరగిపోయినందున ఈ యూహ పుట్టెనని కథ కలదు.

యంత్రభాగములు

పైభాగమున పెట్రోలు మండి పిస్టనును నడుపును. నడుమనున్న నిలువు కడ్డీ ఆ భ్రమణమును క్రిందికి గొనిపోవును. అడుగున పండ్లచక్రములు దానిని అడ్డముగా మార్చి రెక్కల చక్రమును త్రిప్పును. రెక్కలు నీటిని వెనుకకు త్రోయగా, నీరు పడవను ముందునకు త్రోయును. మీరు తరగతిలో చదివిన న్యూటను మూడవ సూత్రము ఇదియే. రబ్బరు రెక్కలుగల చిన్న పంపు నదీజలమునే పైకి లాగి యంత్రమును చల్లపరచి వెలుపలికి విడుచును.

బయలుదేరుటకు ముందు

పడవ యడుగుననున్న బిరడా బిగించి యున్నదా? యంత్రమును అమరమునకు పట్టియుంచు మరలు గట్టిగా నున్నవా? తెడ్డు, త్రాడుతో కూడిన లంగరు, నీరు తోడు పాత్ర, ఈల ఉన్నవా? పడవ మోయదగినంతమందియే యెక్కిరా? ప్రతి మనిషియు ప్రాణరక్షక కవచమును తొడుగుకొనెనా? తిరిగివచ్చు వేళను ఒడ్డుననున్న యొకరికి చెప్పితిమా? ఈ ప్రశ్నలకు ప్రతిదినమును జవాబు చెప్పుకొనవలయును.

పెట్రోలు తొట్టిని ఒడ్డునకు దించియే నింపవలయును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక పడవ యడుగున చేరి నిలుచును. చిన్న నిప్పురవ్వ చాలును. నూనె కలిపి పోయవలసిన యంత్రములలో పెక్కింటికి 50 పాళ్ల పెట్రోలునకు 1 పాలు నూనె యుండవలయును. అనగా 5 లీటరులకు 100 మిల్లీలీటరులు. మీ యంత్రముతో వచ్చిన పుస్తకము వేరుగ చెప్పినచో దానినే అనుసరింపుడు. ఉన్న పెట్రోలులో మూడవ వంతు పోవుటకును, మూడవ వంతు వచ్చుటకును, మిగిలినది ఆపదకును అని విభజించుకొనుట మంచిది.

నడుపు విధము

మొదట తొట్టి మూతపైనున్న గాలిమరను తెరచి, గొట్టము నడుమనున్న రబ్బరు బుడ్డిని గట్టిపడువరకు నొక్కవలయును. పండ్లచక్రములు తగులుకొనని స్థితిలోనే యంత్రమును కదలింపవలయును. త్రాటిని మెల్లగా లాగి, బిగువు తగిలిన పిమ్మట వడిగా లాగవలయును. యంత్రము మ్రోగిన వెంటనే వెనుకకు తిరిగి సన్నని నీటిధార పడుచున్నదో లేదో చూడుడు. ధార లేనియెడల వెంటనే ఆపవలయును. లేనిచో యంత్రము వేడెక్కి చెడిపోవును.

యంత్రమును నిలుపు మీటకు కట్టిన చిన్న త్రాటిని నడుపువాడు తన మణికట్టునకు తగిలించుకొనవలయును. అతడు నీట పడినచో మీట ఊడి యంత్రము ఆగిపోవును. చేతికర్రను కుడికి త్రోసిన పడవ యెడమకును, ఎడమకు త్రోసిన కుడికిని తిరుగును. పడవకు బ్రేకు లేదు. కావున రేవును సమీపించునపుడు ప్రవాహమునకు ఎదురుగా, మెల్లగా రావలయును. రెండు మోటారు పడవలు ఎదురెదురుగా వచ్చినచో రెండును కుడికి తొలగవలయును. మనిషి నీటిలోనున్న తావున యంత్రమును పూర్తిగా ఆపవలయును.

నాకు జరిగిన సంగతి

కొన్ని యేండ్ల క్రిందట నేను ఇద్దరు బాలురతో ధవళేశ్వరమునకు ఎగువన చిన్న పడవలో పోవుచుంటిని. నడుమ ప్రవాహమున యంత్రము ఆగిపోయెను. త్రాటిని పలుమార్లు లాగితిని, ఫలము లేకపోయెను. ఇంతలో పడవ ఆనకట్టవైపు కొట్టుకొనిపోజొచ్చెను. ప్రాణరక్షక కవచములు మూడును బల్లక్రింద కట్టగా కట్టబడి యుండెను. ఆ ముడి నా వ్రేళ్లకు రాలేదు. బాలురలో పెద్దవాడు, “అయ్యగారూ, లంగరు!” అని కేకవేసి తానే దానిని జారవిడిచెను. పడవ నిలిచెను. అప్పుడు నెమ్మదిగా వెదకగా, పెట్రోలు తొట్టి గాలిమర మూసియున్నది. బండిలో తెచ్చునపుడు నేనే దానిని మూసి, తెరచుట మరచితిని. గాలి చొరని తొట్టినుండి పెట్రోలు రాదు గదా! మర తెరచి రబ్బరు బుడ్డిని నొక్కగా, రెండవ లాగునకే యంత్రము నడచెను.

తప్పు నాది, ప్రాణములు కాపాడినది నా శిష్యుని సమయస్ఫూర్తి. యంత్రము ఆగినప్పుడు మొదట లంగరు వేయవలయుననియు, కారణము పిమ్మట వెదకవలయుననియు ఆనాడు నేను నేర్చుకొంటిని. కవచములు ధరించినగాని నాటినుండి నేనెవరిని పడవ యెక్కనీయలేదు.

యంత్రపోషణ

ఉప్పునీటిలో గాని బురదనీటిలో గాని నడచిన యంత్రములో మంచినీరు పారించి కడుగవలయును. అడుగు పెట్టెలోని నూనెను ఏడాదికొకమారైనను మార్చవలయును; అది పాలవలె తెల్లబడినచో లోనికి నీరు చొచ్చెనని యెరుగుడు. రెక్కల చక్రమునకు వలదారము చుట్టుకొన్నదేమో చూచి తీసివేయుడు. సముద్రజలమున నడచు యంత్రములకు జింకు ముక్క యొకటి తగిలింతురు. ఉప్పునీరు ముందుగా దానినే తినివేయుటచే తక్కిన లోహము నిలుచును. తాను క్షయించి ఇతరమును కాపాడు ఆ ముక్కను సగము తరిగిన పిమ్మట మార్చవలయును.

2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరు వద్ద విహారనౌక మునిగి పలువురు మరణించిన సంగతి మన జిల్లాలవారు మరచినది కాదు. మీరును సెలవులలో పాపికొండలు చూడబోవుదురు. పడవ యెక్కుటకు ముందు కవచ మడుగుడు; ఇయ్యనియెడల, జనము మితిమీరినయెడల, తోడివారు నవ్వినను ఒడ్డుననే నిలువుడు. అది పిరికితనము కాదు. మీ యింట మీకొరకు ఎదురుచూచు తల్లిదండ్రులయెడల మీకుగల ధర్మము.