ఎయిర్ కూలర్: చల్లగాలి కావాలి, జ్వరం వద్దు



ఏప్రిల్ వచ్చిందంటే పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మన వైపు కూలర్ బాగా పనిచేస్తుంది. అయితే శుభ్రంగా లేని కూలర్ చల్లగాలితో పాటు జబ్బును కూడా ఇంట్లోకి తెస్తుంది.

కూలర్ ఎలా చల్లబరుస్తుంది?

మట్టికుండలో నీళ్లు చల్లబడినట్లే. తడి ప్యాడ్ల గుండా వేడిగాలి పోయినప్పుడు నీరు ఆవిరై, ఆ గాలిలోని వేడిని తీసుకుంటుంది. కాబట్టి కూలర్‌ను కిటికీ దగ్గర పెట్టి, గాలి బయటికి పోవడానికి మరో కిటికీ తెరిచి ఉంచాలి. అన్నీ మూసేస్తే గదిలో తేమ పెరిగి ఉక్కపోస్తుంది. వానాకాలంలో కూలర్ అంతగా చల్లబరచకపోవడానికి కారణం గాలిలోని తేమే, మోటారు చెడిపోయిందని కాదు.

వారానికోసారి ఎందుకు కడగాలి?

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. దాని ఒంటిపై తెల్లచారలు ఉంటాయి. అది మురికి కాలువలో కాదు, ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు చాలు. గుడ్లు ట్యాంకు గోడకు అంటుకుని, నీళ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందుకే నీళ్లు పారబోస్తే చాలదు, గోడలను బ్రష్‌తో గట్టిగా రుద్దాలి.

“నీళ్లకే కరువైన ఊళ్లో వారం వారం పారబోయమంటారా?” అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకు ఒక పద్ధతి ఉంది. గురువారం రాత్రికి సరిపోయేంత నీళ్లే పోయండి. నీళ్లు అడుగంటగానే పంపు ఆపి, ఫ్యాను మాత్రం కొంతసేపు తిప్పితే ప్యాడ్లు ఆరిపోతాయి. శుక్రవారం ఒక బకెట్ నీళ్లతో ట్యాంకు రుద్ది కడగండి. ఆ నీళ్లను కాలువలో పోయకుండా చెట్ల మొదట్లో పొడినేల మీద పోయండి. పురుగులు చచ్చిపోతాయి, చెట్టుకూ నీరు అందుతుంది.

ఇబ్బంది వస్తే ఏం చేయాలి?

1. వాసన వస్తే: ప్యాడ్లకు పాచి, బూజు పట్టినట్లే. ఆ గాలి ఆస్తమా ఉన్నవారికి ఆయాసం పెంచుతుంది. గడ్డి ప్యాడ్లను ప్రతి ఎండాకాలం మార్చండి.

2. ప్యాడ్లు గట్టిపడి తెల్లగా మారితే: బోరు నీళ్లలోని ఉప్పు పేరుకుంది. తేనెపట్టులాంటి ప్యాడ్లయితే నిమ్మరసం కలిపిన నీళ్లలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో కడగండి. గడ్డివైతే మార్చేయండి.

3. ప్యాడ్లు తడవకపోతే: ప్లగ్ తీసి, పంపు జాలీలో, పైపు రంధ్రాల్లో అడ్డుపడిన చెత్తను తీయండి.

4. ముట్టుకుంటే జిల్లుమంటే: వెంటనే వాడకం ఆపండి. ఎలక్ట్రీషియన్‌తో వైరింగు, ఎర్తింగు చూపించండి. రెండు పిన్నుల ప్లగ్‌తో ఇనుప కూలర్ ఎప్పుడూ నడపవద్దు.

నీళ్లు పోసేటప్పుడు, కడిగేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ తీయాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఎవరికైనా షాక్ కొడితే వారిని చేతితో పట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి.

జ్వరం వస్తే

తీవ్ర జ్వరం, కళ్ల వెనుక నొప్పి, ఒళ్లునొప్పులు ఉంటే డాక్టరుకు చూపించండి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, వాటివల్ల రక్తస్రావం పెరగవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తం, మత్తు కనబడితే జ్వరం తగ్గినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. డెంగీలో ప్రమాదం తరచుగా జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది.

ఈ శుక్రవారమే మీ కూలర్ మూత తీసి చూడండి. పక్కింటివారికి కూడా చెప్పండి. ఒక ఇంట్లో పుట్టిన దోమ ఆ ఇంటితోనే ఆగదు.